పదకొండో పలకకు అన్నం వేళ

"మూడో వంపు, ఒరిపిడి ఇరవై ఒకటి. నాలుగో వంపు, ఇరవై ఒకటి. అయిదో వంపు..."

ధనకోటి చూపుగొట్టం మీద నుంచి కన్ను తీసింది. కొంగుతో అద్దం తుడిచింది. తప్పు అద్దానిది కాదని తేలాక కన్నే తుడుచుకుని మళ్ళీ పెట్టింది.

"అయిదో వంపు, జడ."

"మరల వచింపుడు," అంది గోడ.

గోడలో ఉండేది సమధార అనే యంత్రం. బూరుగులంక నీటిస్టేషన్‌లో నలభై పలకలకీ ధార సరిచూసేది అదే. దానికి తెలుగు నేర్పినవాళ్ళెవరో గాని, అటక మీది నిఘంటువు జారి నెత్తిన పడ్డట్టు మాట్లాడుతుంది. దాని మాటకి మనం అర్థం చెప్పుకునే లోపు అది పని కానిచ్చేస్తుంది. అందుకే స్టేషన్‌లో ఎవరూ దానితో వాదానికి దిగరు. ధనకోటి తప్ప.

"జడ అన్నాను, జడ! గోడ వదిలేసి నడిమి ధారలోకి దిగి తోకలా ఊగుతోంది. నిన్న సాయంత్రం పిలకంత ఉంది. ఇవాళ పెళ్ళికూతురి జడంత అయ్యింది. పూలు పెట్టడమే తరువాయి."

"ధార తగ్గినది. సమము చేయుటకై పీడనము పెంచుచున్నాను."

"పెంచకు! నువ్వు తోసేకొద్దీ అది సాగుతోంది!"

అప్పటికే పెంచేసింది. పలక లోపల ఎక్కడో సన్నగా ఈల వేసినట్టయ్యింది. పేరుకి పలకే గాని అది పలకదు. పలికిందంటే ఒంట్లో బాగాలేదన్నమాట.

పదకొండో పలక తలుపంత గాజుబిళ్ళ. లోపల లక్ష సన్నకాలువలు, ఒక్కోటి తలవెంట్రుకకి పెద్దన్నయ్యంత లావు. ప్రతి కాలువ గోడకీ బతికున్న పొర. కంటికి ఆనని పురుగులు కోట్లకి కోట్లు జిగురు పూసుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని అక్కడ కాపరం చేస్తుంటాయి. ఒకప్పుడు ఈ నేల మీద రొయ్యల చెరువులుండేవి. రొయ్యకి జబ్బు చేస్తే మందు పోశారు, చెయ్యకపోతే చెయ్యకుండా ఉండాలని పోశారు. చెరువులు సముద్రంలో కలిశాయి, రొయ్యలు ఎవరి కడుపుల్లోనో కలిశాయి, మందు మాత్రం మట్టిని వదల్లేదు. ఏ బోరు తవ్వినా అదే. తాతలు రొయ్యలకి పోసిన మందు మనవలు తాగకుండా మధ్యలో కూర్చుని తినిపెట్టేది ఈ పొర. పొరలో పొరపొచ్చాలొస్తే ఊరికి గుక్కెడు నీళ్ళుండవు.

పలకకో లంక, లంకకో పలక. పదకొండోది బూరుగులంకది. వెయ్యి గడపలు. అందులో ధనకోటిది ఒకటి.

జడ అంటే ఏమిటో లంకల్లో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. వంపు దగ్గర నీరు మెలిక తిరిగినప్పుడు పొర అంచు పోగులా సాగుతుంది. పోగుకి పోగు చుట్టుకుంటుంది. పూట గడిస్తే వల, మరో పూట గడిస్తే బిరడా. పదకొండో పలక అవతలికి నలభై పాళ్ళ నీరు రావాలి. పొద్దున ముప్ఫై ఒకటి వచ్చింది, ఇప్పుడు ఇరవై ఎనిమిది. పందొమ్మిదికి దిగిందా, సమధార ఎవర్నీ అడక్కుండా తెల్లస్నానం చేయించేస్తుంది. బ్లీచింగు నీళ్ళు ఒక్కసారిగా తోలితే పొర మొత్తం చస్తుంది. కొత్త పొర ఎదగడానికి తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులకీ ఊరిని పడవలెక్కించి మెరక కాలనీకి తీసుకుపోతారు. కిందటేడు ముప్ఫయ్యో పలకకి స్నానం జరిగింది. గుర్రాలంక జనం తాత్కాలికంగా వెళ్ళారు. ఇప్పటికీ అక్కడ తాత్కాలికంగానే ఉన్నారు. వాళ్ళ వీధుల్లో ఇప్పుడు పీతలు తిరుగుతున్నాయి, శాశ్వతంగా.

కాయితం మీద ధనకోటి హోదా 'ధారాపాలకురాలు'. ఊళ్ళో మాత్రం లస్కరే. పెద్దకాలువ మీద తూము ఎత్తి దించిన లస్కరు అర్జయ్య కూతురు సన్నకాలువ మీద లస్కరు కాకపోతే ఇంకేమవుతుంది?

పన్నెండింటికి సత్యానందం వచ్చాడు. వచ్చాడనకూడదు, దొర్లుకొచ్చాడు. ఆయన స్టేషన్‌కి పొర వైద్యుడు. యాభై ఎనిమిదేళ్ళ వయసు, తొంభై ఎనిమిది కిలోల బరువు, పిల్లాడి తొందర. చేతిలో ఉన్న క్యారేజీని కిటికీలో పడేసి, ధనకోటి బల్ల మీది గురుపలక మీదికి వంగాడు.

గురుపలక అరచేతంత ఉంటుంది. నలభై పలకల్లో ఉన్న పొరే అందులోనూ, అదే నీరు, అవే వంపులు. పందొమ్మిదేళ్ళుగా ధనకోటి బల్ల మీదే దాని కాపరం. సమధార రోజూ పొద్దున ఆరింటికి దాన్నొకసారి చూస్తుంది. అది బాగుంటే అన్నీ బాగున్నట్టే. ఇంటిపెద్ద నాడి చూసి ఊరందరికీ ఆరోగ్యం రాసిచ్చినట్టన్నమాట. మధ్యలో గంటగంటకీ దాని ధార ఎంతో లస్కరు చేత్తో రాయాలి.

"అమ్మాయ్, ఇటు రా! దీన్ని చూడు!"

"రోజూ చూసేదేగా బాబాయ్."

"చూడ్డం కాదు, చూడు! దీనికి జడ ఉందా?"

"లేదు."

"ఎప్పుడైనా ఉందా?"

"లేదు."

"అదే నీరు, అదే పొర, అదే ఒరిపిడి. దానికి చూస్తే బారెడు జడ. దీనికి గుండు! కొండకెళ్ళి తలనీలాలిచ్చి వచ్చినట్టు నున్నగా ఉంది! ఎందుకూ? మూడ్రోజుల్నించి ఇదే ఆలోచన. ముద్ద దిగట్లేదు. తెచ్చిన క్యారేజీ తెచ్చినట్టే ఇంటికి పట్టుకెళ్తన్నాను. బయటెక్కడో భోంచేస్తన్నానని మీ పిన్నికి అనుమానం కూడా వచ్చేసింది!"

ధనకోటి కిటికీ వంక చూసింది. గట్టు అవతల నీటి మీద నాలుగు పసుప్పచ్చ పడవలు. ఖాళీవి. బూరుగులంక రేవుకేసి వస్తున్నాయి. జోను ఆఫీసు వాళ్ళకి తొందరెక్కువ. స్నానం కాకముందే తువ్వాలు పంపారు.

గోడ మీద అంకె ఇరవై ఆరుకి దిగింది.

"బాబాయ్, ఓ మాట చెప్తాను. ఎవరితోనూ అనకు."

"అనను."

"అంటావు."

"అంటాను. ముందు చెప్పు!"

ధనకోటి గురుపలక పక్కనున్న చిన్న కుళాయి మీద వేలు పెట్టింది. "నేను అన్నానికి కూకున్నప్పుడు దీన్ని కట్టేస్తాను."

"దేన్నీ?"

"ధారని."

సత్యానందం నోరు తెరుచుకుంది. మాట రాలేదు. అటువంటి సంఘటన స్టేషన్ చరిత్రలో అదే మొదలు.

"మా నాన్న తూము మీద లస్కరు కదా," ధనకోటి కుళాయినే చూస్తూ చెప్పింది. "పారే నీటి ఎదర అన్నం తినకూడదనేవోడు. నీరు పని చేత్తంటే మనం కూకుని తింటే దానికి కడుపు మండుద్దని. క్యారేజీ విప్పేముందు షట్టరు దించేవోడు. తిని, చెయ్యి కడుక్కుని, ఎత్తేవోడు. రైతులు గట్టెక్కి తిట్టేవోళ్ళు. 'కాలవకి ఏడాదికి నెల్లాళ్ళు సెలవిత్తన్నారు, రోజుకి ఇరవై నిమిషాలిత్తే తప్పేంటి' అనేవోడు. నేనిక్కడ చేరిన మొదటి రోజు క్యారేజీ విప్పుతుంటే నా చెయ్యి దానంతటదే కుళాయి కట్టేసింది. పెద్ద పలకల్ని ముట్టుకోడానికి భయం, ఇదైతే చిన్నది కదా అని. అప్పట్నించీ అంతే."

"మరి పుస్తకంలో?"

"సమం అని రాత్తన్నాను."

"పందొమ్మిదేళ్ళు!"

"ఆదివారాలు తీసెయ్యి బాబాయ్."

సత్యానందం కుర్చీలో కూలబడ్డాడు. కుర్చీ మూలిగింది. ఆయన మొహం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది, తర్వాత పెళ్ళిపందిరిలా వెలిగింది. ఒక్క ఉదుటున లేచి బల్ల మీద గుద్దాడు.

"అదీ! అదీ సంగతి! వెర్రిదానా, నువ్వేం చేశావో నీకు తెలుసా! ఆగని ధారలోనే పొర సుఖంగా ఉంటుందని సమధారకి నేర్పిందెవరు? ఈ గురుపలక! ఇదేమో రోజూ మధ్యాహ్నం ఆగుతోంది! గురువు గారు కునుకు తీస్తా శిష్యులకి నిద్ర తప్పని నేర్పారన్నమాట!"

"తప్పే బాబాయ్."

"తప్పే! పెద్ద తప్పు! దండ వెయ్యాల్సిన తప్పు! విను. పురుగులు ఎలా మాట్లాడుకుంటాయి? నోరుందా వాటికి? వాసనతో! ఒక్కోటీ ఓ రవ్వ వాసన వదుల్తుంది. పక్కదానికది తగిలితే 'ఓహో, మనోళ్ళు చాలామందే ఉన్నారు' అనుకుంటుంది. ధార ఆగకుండా పారతంటే ఏవవుద్ది? మాట అన్నది అన్నట్టే కొట్టుకుపోద్ది! వంపు దగ్గరున్న పురుగు అరుస్తుంది, వినేవోడు లేడు. ఒంటరినైపోయాననుకుంటుంది. భయంతో ఇంకాస్త జిగురు కక్కుతుంది, అందినదాన్ని పట్టుకుంటుంది, అది ఇంకోదాన్ని. జడ అంటే ఇంకేంటనుకున్నావ్? జడుపమ్మా, జడుపు!"

"మరి ఆపితే?"

"ఆపితే మాట నిలుస్తుంది. నిలిస్తే వినబడుద్ది. 'అమ్మో, ఇంతమందిమా, ఇక్కడ ఇరుకు' అని పట్టు సడలిస్తాయి. గోడనున్న పాతకాపులు కదలవు, మధ్యలో వేలాడేవి విడిపోతాయి. నీ భోజనం వేళ వాటికి కబుర్ల వేళ!"

"అయితే పదకొండో పలకని కట్టేద్దాం."

ఆ మాట అన్నాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోడ మీద ఇరవై అయిదు.

"అరచేతంతది ఇరవై నిమిషాలాగితే బతికింది," సత్యానందం గొంతు తగ్గింది. "ఇది తలుపంతది. లోపల పొర ఊపిరి పీల్చేది కూడా ఆ నీటిలోనే. సున్నా ధారలో అరగంటకి చస్తుందని పుస్తకం. ఇరవైకే చస్తుందేమో. అప్పుడు తెల్లస్నానం అక్కర్లేకుండా మనమే చంపినట్టు."

"ఏమీ చెయ్యకపోతే?"

"ఒంటిగంటన్నరకి పందొమ్మిది."

ధనకోటి పిలుపుకి మాటతెర మీద జోను అధికారి కలిదిండి శ్రీరంగరాజు గారు ప్రత్యక్షమయ్యారు. ఆయన మెరక మీద ఉంటారు. మెరక మీద ఉన్నవాళ్ళందరిలాగే ఆయనకీ లంకలు పల్లంగానే కనిపిస్తాయి. విషయం వినడం పూర్తి కాకుండానే తల అడ్డంగా ఊపడం మొదలెట్టారు.

"సున్నా ధారా? ఏమ్మా ధనకోటీ, మతుండే మాట్లాడుతున్నావా? అన్ని స్టేషన్లలోనూ ఒకటే రూలు. ధార ఆగకూడదు. ఏం చూసుకుని ఆపమంటున్నావు?"

ఇక్కడ ధనకోటి అబద్ధం ఆడొచ్చు. పొర వైద్యుడి సలహా అనొచ్చు. ఎక్కడో చదివామనొచ్చు. సత్యానందం తెర పక్కనుంచి అలా అనమనే కళ్ళతో, కనుబొమలతో, చివరికి పొట్టతో కూడా సైగలు చేస్తున్నాడు. కానీ ఉత్త మాటకి ఒప్పుకునే మనిషి కాడు రంగరాజు. సాక్ష్యం కావాలి. సాక్ష్యమేమో తను పందొమ్మిదేళ్ళు రాసిన దొంగలెక్క.

"గురుపలకని చూసుకునండి," అంది. "దాన్ని రోజూ మధ్యాహ్నం నేను కట్టేత్తన్నానండి. పుస్తకంలో ఉన్నది అబద్ధవండి. దాని నున్నదనం మాత్రం నిజవండి, ఆయ్."

తెర కాసేపు బొమ్మలా ఉండిపోయింది. లైను పోయిందనుకున్నాడు సత్యానందం. పోయింది లైను కాదు, రంగరాజు గారి నిదానం.

"గురుపలకనా! నలభై పలకలకి ప్రమాణం! నీ క్యారేజీ కోసం దాన్ని... ఒంటిగంటకల్లా తాళాలు సత్యానందానికి అప్పగించి స్టేషన్ దిగిపో. ఉద్యోగం లేదు నీకు. పదకొండో పలకకి స్నానమే. అర్థమైందా?"

"ఆయ్. అర్థమైందండి." ధనకోటి గోడ గడియారం చూసింది. పన్నెండూ ఇరవై ఆరు. "అంటే ఒంటిగంట దాకా నేనే లస్కర్నండి. భోంచేసి దిగుతానండి."

తెరకి వీపు తిప్పి పదకొండో పలక కిందికి వెళ్ళింది. ప్రతి పలకకీ అడుగున ఓ ఇనుప చక్రం ఉంటుంది. కట్టినప్పుడు బిగించారు, తర్వాత ఎవరూ తిప్పలేదు. సమధార వచ్చాక దాని మీద తడి గుడ్డలు ఆరేసుకుంటున్నారు. ధనకోటి గుడ్డలు తీసి పక్కన పడేసి చక్రం పట్టుకుంది. కదల్లేదు.

"బాబాయ్, నీ బరువు ఇవాళ్టికి పనికొచ్చింది. రా!"

ఇద్దరూ వేలాడారు. చక్రం కీచుమని అరిచి పావు తిరిగింది, సగం తిరిగింది, ఆనుకుంది. పలక లోపలి ఈల ఆగిపోయింది. చక్రం చేత్తో కట్టేస్తే, ధార మళ్ళీ కుదుటపడేదాకా సమధార స్నానం చేయించలేదు. స్టేషన్ కట్టిన నాటి నుంచీ ఏ పలకలోనూ ధార ఇలా ఆగలేదు.

"సున్నా," అంది సమధార. దాని గొంతు మొదటిసారి ఒక్క మాటకే పరిమితమైంది. మళ్ళీ తేరుకుంది. "కారణము తెలుపుడు. భూకంపము, యుద్ధము, చక్రవాతము. ఈ మూటిలో ఏది?"

"అన్నం."

"అట్టి కారణము పట్టికయందు లేదు."

"రాసుకో."

ధనకోటి కింద చాప పరిచి, మఠం వేసుకుని క్యారేజీ విప్పింది. ఉప్పునేల బియ్యం అన్నం, కంద బచ్చలి కూర, మజ్జిగ. తెర మీద రంగరాజు గారు నిలబడ్డారు, కూర్చున్నారు, మళ్ళీ నిలబడ్డారు. ఆయన అరుపులు గదంతా జడివానలా కురుస్తున్నాయి. ఆమె కూర కలుపుకుంది.

సత్యానందం చూపుగొట్టానికి కన్ను అంటించేశాడు. "నాలుగు నిమిషాలు. ఊపిరి ఎనభై. జడ కదల్లేదు."

"ఊఁ."

"ఎనిమిది. ఊపిరి అరవై ఒకటి. కదల్లేదే! అమ్మాయ్, కాస్త తొందరగా తినవే!"

"గబగబా తింటే లెక్క తప్పుద్ది బాబాయ్. రోజూ ఎంతసేపు తింటానో అంతసేపే తినాలి. అది దానికి అలవాటైన కొలత."

"పన్నెండు. నలభై నాలుగు. దేవుడా. పొర అంచు రంగు మారతంది!"

ధనకోటి చేతిలో ముద్ద ఆగింది. ఒక్క క్షణమే. నాన్న గట్టు మీద తింటుంటే రైతులు మీదిమీదికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆయన తల కూడా ఎత్తలేదు. కానీ ఆయన ఆపింది పంటనీళ్ళు, తను ఆపింది వెయ్యి గడపల ఊపిరి. ముద్ద నోట్లో పెట్టుకుంది. రుచి తెలియలేదు. నమలడం మాత్రం మానలేదు.

"పదహారు. ముప్ఫై..." సత్యానందం మాట మధ్యలో ఆగిపోయింది. తర్వాత వచ్చింది మాట కాదు, కేక. "అయ్ బాబోయ్! కొస! కొస విప్పుకుంటోంది! పాయలు పాయలుగా వదిలేస్తోంది! ఆరో వంపులోనూ! ఏడులోనూ! ఏవండీ రాజు గారూ, జడ విరబోసుకుంటోందండీ!"

రంగరాజు గారి అరుపు టక్కున ఆగింది.

"గోడనున్న పొర?" ధనకోటి అడిగింది.

"ఎక్కడుంది అక్కడే! రాయిలా ఉంది! ఎత్తెయ్, చక్రం ఎత్తెయ్!"

"మజ్జిగ ఉంది."

మజ్జిగన్నం కలిపింది. సత్యానందం నెత్తి బాదుకున్నాడు. ఇరవై రెండో నిమిషానికి ఆమె చెయ్యి కడుక్కుని, తడి చేత్తోనే చక్రం పట్టుకుంది. మొత్తం తిప్పలేదు. నాలుగు వేళ్ళ మందం తిప్పి ఆగింది. "కట్టేసిన కాలవ విప్పితే తొలినీరు మురుక్కాలవకే పోవాలి. పక్కనున్న చిన్న మదుం తలుపు తియ్యి బాబాయ్."

మురుగులోకి నీళ్ళు బొటబొటా పడ్డాయి. బూడిదరంగు పీలికలు, తెగిన పోగులు, కడిగిన తల దులిపినట్టు. అవి పోయేదాకా ఆగి ఆమె చక్రం పూర్తిగా తిప్పింది. పలకలో ధార మెల్లగా నిండింది. ఈల లేదు.

గోడ మీద అంకె పదిహేను చూపించింది. సత్యానందం గుండె పట్టుకున్నాడు. ఇరవై ఏడు. ముప్ఫై అయిదు. నలభై దగ్గర ఆగుతుందనుకున్నారు. నలభై మూడుకి వెళ్ళి నిలబడింది. పదకొండో పలక కొత్తదిగా ఉన్నప్పుడు కూడా అంత నీరు ఇవ్వలేదు.

గట్టు అవతల రేవులో పసుప్పచ్చ పడవలు తాళ్ళు విప్పకుండా ఊగుతున్నాయి. వాటి మధ్యనుంచి ఎవరో ఆడమనిషి బిందె చంకనెట్టుకుని స్టేషన్ వైపు చెయ్యూపి అరుస్తోంది. కుళాయి ఆగిందని తిడుతోందో, వచ్చిందని చెబుతోందో ఇంత దూరానికి తెలియలేదు. రెండూ అయ్యుండొచ్చు.

గడియారం ఒంటిగంట కొట్టింది. ధనకోటి నడుముకున్న తాళాల గుత్తి తీసి సత్యానందం చేతిలో పెట్టింది. తెర మీద రంగరాజు గారు సమధార ఏమంటుందోనని గోడకేసి చూశారు. ఆయన రూలు పుస్తకంలో సమధారకి మించిన అధికారం లేదు. సమధార మాట్లాడ్డం లేదు. అది మౌనంగా ఉండగా ఆయన ఎప్పుడూ చూడలేదు.

చాలాసేపటికి గోడ గొంతు సవరించుకుంది.

"పట్టికయందు నాలుగవ కారణము చేర్చితిని. అన్నము." కాసేపాగింది. "పన్నెండవ పలక అయిదవ వంపునందు పిలక కలదు. పన్నెండవ పలకకు... భోజనము ఎప్పుడు?"

నలభై పలకలు. నలభై లంకలు. ధనకోటి తన ఖాళీ క్యారేజీ వంక చూసుకుంది. తర్వాత కిటికీలో ఇవాళ కూడా మూత విప్పని సత్యానందం క్యారేజీ వంక చూసింది.

"రాజు గారూ, నేనిప్పుడు లస్కర్ని కాదు కదండీ," అంది. "చుట్టపుచూపుగా వచ్చినట్టే. ఉన్న కాసేపు వడ్డించి పోతానండి."

ఆయన వద్దనలేదు. సొరుగు లాగి తన భోజనం డబ్బా వంక ఓసారి చూసుకోవడం మాత్రం తెర మీద కనబడింది.

సత్యానందం తాళాలు మొలలో దోపుకుని పన్నెండో పలక చక్రం మీద పడ్డాడు. అది కీచుమని తిరిగి ఆనుకుంది. ఆయన చాప మీద కూర్చున్నాడు. ధనకోటి మూత తీసి మొదటి గిన్నె ఆయన ముందుకు జరిపింది. మూడు రోజుల ఆకలి ఒక్కసారి ఆయన చేతిలోకొచ్చింది.

"నెమ్మదిగా తిను బాబాయ్," అంది. "నువ్వు తొందరపడితే పలకకి పొలమారుద్ది."